ఎడమకాలికి పని లేని బండి

దారి పొడుగునా ఉన్న చిన్న క్లినిక్కుల్లో ఆమె పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరికీ ఆమె ఐసుపెట్టె అక్కే. నీలంరంగు పెట్టె భుజాన వేసుకుని వచ్చేది. నర్సులు ఆ ఉదయం తీసిన రక్తం గొట్టాలు అందిస్తే వాటిని ఐసు దిండ్ల మధ్య నిలబెట్టి, మూత బిగించి, "వస్తానమ్మా" అని వెళ్ళిపోయేది. కూర్చోమంటే కూర్చునేది కాదు.

"నేను కూర్చుంటే ఇక్కడున్న వాళ్ళందరి జబ్బులూ కూర్చుంటాయి," అనేది.

ఆ మాటలో అబద్ధం లేదు. నగరంలోని ల్యాబులో మధ్యాహ్నం యంత్రం తిరిగే వేళకు గొట్టాలు చేరితే ఫలితం సాయంత్రానికి వచ్చేస్తుంది. చేరకపోతే మర్నాడే. మర్నాడంటే, ఎక్కడో ఓ ఇంట్లో ఎవరో ఇంకో పూట తిండి సహించక, ఫోను వంక చూస్తూ గడపడం. పాప కడుపులో ఉన్నప్పుడు ఆమే ఒకసారి అలాంటి పూట గడిపింది. ఆ తరవాత నుంచి ఆ పెట్టె బరువు ఆమెకు మరో రకంగా తెలుస్తూ వచ్చింది.

అంతకుముందు ఆమె బ్రెడ్డు వ్యాను నడిపేది. ఒక వానరోజు ట్రేలతో చెక్కపలక మీంచి జారి కుడి చీలమండ విరిగింది. డాక్టర్లు లోపల ఒక రేకు పెట్టి మరలు బిగించి పంపారు. నడవడానికి ఇబ్బంది లేదు. మెట్లకూ లేదు. ఎటొచ్చీ ఒకేచోట ఉంచి నొక్కిపట్టాల్సి వస్తేనే ఆ కాలు మొరాయిస్తుంది. తిన్నని రోడ్డు మీద గంటలకొద్దీ యాక్సిలరేటరు తొక్కిపట్టడం సరిగ్గా అలాంటి పనే. డ్రైవింగు మానెయ్యమని అయినవాళ్ళంతా చెప్పారు. ఆమె అందరి మాటా శ్రద్ధగా విని, మానక్కర్లేని బండి కోసం వెతికింది.

దొరికిన బండి పెద్దది, పాతది. దాని కొత్తలో పెద్ద పెద్ద ఆఫీసర్లు వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని తిరిగిన రకం. ఇప్పుడు తలుపుల అంచులు తుప్పు పట్టాయి, సీటు తోలు పగిలి లోపలి స్పాంజి తొంగిచూస్తోంది. కానీ రెండు సుఖాలున్నాయి. గేర్లు బండే మార్చుకుంటుంది కాబట్టి ఎడమకాలికి అసలు పనే లేదు. రెండోది, స్టీరింగు చక్రానికి కుడిపక్కన ఉన్న చిన్న స్విచ్చు. కావలసిన వేగం అందుకున్నాక దాన్ని బొటనవేలితో నొక్కితే బండి ఆ వేగాన్ని పట్టుకుని దానంతటదే పోతుంది. కుడికాలు తీసి కింద పెట్టుకోవచ్చు. బ్రేకు తగిలిందంటే మాత్రం వెంటనే వదిలేస్తుంది. క్రూయిజ్ కంట్రోల్ అని దాని పేరు. ఆమె మటుకు దాన్ని 'పట్టు' అనేది. "ఊరు దాటగానే పట్టు వేశాను, మళ్ళీ వంతెన దగ్గరే తీశాను," అని చెబుతున్నప్పుడు ఆమె మొహంలో ఒక తీరిక కనిపించేది.

పాప పుట్టాక కొన్ని నెలలు సెలవు పెట్టింది. తిరిగి పనిలో చేరినప్పుడు ఏర్పాటు చక్కగానే కుదిరింది. ఆమె భర్త నగరంలో స్కూలు సైన్సు టీచరు. ఆయన పొద్దున్నే వెళ్ళిపోతాడు. ఆమె పాపను వెనక సీట్లో, బిగింపు పట్టీలున్న పిల్లల కుర్చీలో కూర్చోబెట్టి బయల్దేరుతుంది. చివరి క్లినిక్కుకు కాస్త ముందు, చిన్న పట్నంలో ఆమె అక్క ఉంటుంది. పాపను అక్కకు అప్పగించి, చివరి క్లినిక్కు దాకా వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు పాపను ఎక్కించుకుని ల్యాబుకు చేరుతుంది. ల్యాబు కౌంటరు పెద్దాయన మొదటిరోజు పాపను చూసి, "దీన్ని కూడా యంత్రంలో పెట్టాలా?" అని అడిగాడు కూడా.

అంతా బాగానే ఉంది, పట్టు తప్ప. వేగం అందుకుని స్విచ్చు నొక్కితే ఒక్క క్షణం పట్టుకుని జారవిడిచేది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అంతే. ఒక్కోసారి అసలు పలికేదే కాదు. నెలల తరబడి ఎండకూ వానకూ ఊరికే నిలబడ్డ ముసలి బండి, పాడవకుండా ఉంటుందా అనుకుంది. కుడికాలితోనే తొక్కుతూ పోయింది. వంతెన చేరేసరికి చీలమండలో సూదులు. బండి పక్కకు ఆపి, కాలు తలుపు బయటపెట్టి పిసుక్కుని, మళ్ళీ బయల్దేరడం. అలా ఆగిన కొద్దిసేపులన్నీ కలిసి మధ్యాహ్నం వేళను మింగేసేవి.

యంత్రం తిరగడం మొదలయ్యాక పెట్టె చేరడం మూడోసారి జరిగినప్పుడు కౌంటరు పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన ఏదైనా ఇబ్బంది మాట చెప్పాల్సి వస్తే ముందు కళ్ళజోడు తుడుస్తాడు.

"చూడమ్మా, నీ కాలి సంగతి నాకు తెలీనిది కాదు. వచ్చేవారం ఒకటీ చూద్దాం. కుదరకపోతే లోపల లేబుళ్ళు అంటించే పనుంది. చక్కగా నీడపట్టున, కూర్చుని చేసే పని."

"కూర్చునేనా," అంది ఆమె.

"ఫ్యాను కింద."

ఆయన దయగానే చెప్పాడు. తిడితే ఏదో ఒకటి అనేసేది. గోడకు ఎదురుగా కుర్చీ, కుర్చీ ముందు లేబుళ్ళ చుట్ట. కిటికీ అయినా లేదు. ఆ రోడ్డు మీద మొక్కజొన్న చేలు, పొడుగాటి నీళ్ళ ట్యాంకు, లారీలవాళ్ళు ఎత్తే చెయ్యి, ఇవన్నీ ఇంకొకరివి అయిపోతాయి.

మరిదికి కబురు వెళ్ళింది. మరిది లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పెద్ద పెద్ద భవనాల్లో అంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్ళను బయటికి తీస్తాడు. పాత కార్లు విడగొట్టి అమ్మే యార్డులో అతనికి ఒక స్నేహితుడున్నాడు. ఆదివారం పొద్దున్న చేతిలో చిన్న కవరుతో దిగాడు. అందులో అదే రకం బండిలోంచి తీసిన స్విచ్చు ఉంది.

"వదినా, నీ బండికి దూరపు చుట్టం దొరికింది. ఆ ఇంట్లో ఎవరూ నొక్కిన పాపాన పోలేదు. అక్షరాలు కూడా చెరగలేదు చూడు."

"నువ్వు తెచ్చావంటే ఏ ఐదో అంతస్తులో ఆగుతుందో నా బండి."

"ఆగితే పిలువు. ఎలాగూ నా పని అదే."

భర్త పాపను ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. బండి దగ్గరకు రాలేదు. ఆయన భయమల్లా స్టీరింగు మధ్యలో మడతపెట్టి ఉన్న గాలిసంచి గురించి. గుద్దుకున్నప్పుడు పేలి మనిషిని కాపాడేదే, చెయ్యి పెట్టినప్పుడు పేలితే చెయ్యి ఉండదు.

"ఒరేయ్, బ్యాటరీ తీశాక కూడా అందులో కాసేపు కరెంటు నిలవుంటుందిరా," అన్నాడు అక్కణ్ణించే.

"తెలుసన్నయ్యా. ఆ కాసేపట్లో టీ తాగుదాం. పెట్టు."

మరిదికి తన వృత్తిలో ఒక పట్టింపు ఉంది. లిఫ్టులో ఎవరి చెయ్యి లోపలికి వెళుతుందో, మెయిన్ స్విచ్చు తాళంచెవి వాళ్ళ జేబులోనే ఉండాలి. అన్నదమ్ములైనా సరే, ఇంకొకరి దగ్గర ఉండకూడదు. బ్యాటరీ వైరు ఊడదీసి, తీసిన స్పానరునూ బండి తాళంచెవినీ వదిన చేతిలో పెట్టాడు.

"నాకెందుకు?"

"లోపలికి వెళ్ళేది నీ చెయ్యే కదా."

"నేనా చేసేది?"

"బండి నీది, బొటనవేలు నీది. రేపు దారిలో స్క్రూ వదులైతే నేనొచ్చి బిగిస్తానా? నేను చెబుతా, నువ్వు చెయ్యి. నాకూ చేతికి మసి అంటకుండా ఉంటుంది."

టీ అయ్యాక ఆమె పని మొదలుపెట్టింది. స్టీరింగు వెనక రెండు పక్కలా ఉన్న బోల్టులు వదులు చేస్తే గాలిసంచి మూత ముందుకు వచ్చింది. దాని పసుపుపచ్చ ప్లగ్గును గోటితో నొక్కి ఊడదీసి, మూత పైకి చూసేటట్టు వెనక సీట్లో పెట్టింది. అది చేసినంతసేపూ ఊపిరి బిగబట్టుకునే ఉంది. గుమ్మంలో ఉన్నాయన కూడా. తరవాత అంతా తేలికే. రెండు చిన్న స్క్రూలు తియ్యగానే పాత స్విచ్చు వైరుతో సహా చేతిలోకి వచ్చింది. మరిది దాన్ని విప్పి చూపించాడు. లోపలి రాగిముక్క నల్లగా మాడి, అరిగి, నిజంగానే చివరికి వచ్చేసింది.

"పాపం, ఎంత నొక్కావో వదినా. మా అన్నయ్యను కూడా ఇంత నొక్కలేదు నువ్వు."

"మీ అన్నయ్య నొక్కకుండానే పలుకుతారు."

కొత్తది అమర్చి, తీసిన వరసకు తలకిందులుగా అన్నీ బిగించి, చివరగా బ్యాటరీ తగిలించారు. ఊరి బయటకు వెళ్ళి మొదట మరిది నడిపాడు. పట్టు నిలిచింది. తరవాత ఆమె నడిపింది, మరిది పక్కన కూర్చున్నాడు. నీళ్ళ ట్యాంకు దాకా వేగం చూపే సూది కదిలితే ఒట్టు. కుడికాలు కింద పెట్టుకుని, చీలమండ అటూ ఇటూ తిప్పుకుని ఆమె నవ్వింది. చాలారోజుల తరవాత రోడ్డు తనది అనిపించింది.

సోమవారం పాపను ఎక్కించుకుని బయల్దేరింది. ఊరు దాటింది, వేగం అందుకుంది, బొటనవేలితో నొక్కింది. పట్టుకుంది. వదిలేసింది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ వదిలేసింది.

ఆ రోజు పెట్టె యంత్రం వేళ దాటాకే చేరింది. కౌంటరు పెద్దాయన కళ్ళజోడు తీశాడు గాని తుడవలేదు. వారం ఇంకా ఉంది కదా అన్నట్టు మళ్ళీ పెట్టుకున్నాడు.

సాయంత్రం మరిది వచ్చి నడిపి చూశాడు. భేషుగ్గా ఉంది. ఆమె అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపింది. అప్పుడూ భేషుగ్గా ఉంది.

"ఈ బండికి నువ్వంటే భయం," అంది మరిదితో.

భర్త మాత్రం తల పట్టుకుని ఆలోచిస్తున్నాడు. స్కూల్లో పిల్లల ప్రయోగం తప్పినప్పుడు ఆయన అడిగే ప్రశ్న ఒకటే: రెండుసార్లకీ మధ్య తేడా ఏమిటి?

"సరిగ్గా ఎక్కడెక్కడ వదిలేసిందో చెప్పు."

"ఇక్కణ్ణించి అక్కావాళ్ళింటి దాకా ఒక్క చోటా నిలవలేదు. తిరిగి వచ్చేటప్పుడూ అంతే."

"అక్కావాళ్ళింటి నుంచి చివరి క్లినిక్కు దాకా?"

ఆమె ఆగింది. అది చిన్న ముక్క, కాలు నొప్పెట్టేంత దూరం కాదు. ఎప్పుడూ పట్టించుకోలేదు.

"నిలిచింది," అంది నెమ్మదిగా.

ముగ్గురూ ఒకేసారి చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్న పాప వంక చూశారు. పాప తన పాదం నోట్లో పెట్టుకోవాలని తంటాలు పడుతోంది.

"అమ్మ దొంగా," అన్నాడు మరిది. "బండి ఎక్కి ఏం చేస్తున్నావే నువ్వు?"

పాప కుర్చీ కింద వైరు ఏదైనా నలుగుతోందేమో అన్నాడు భర్త. అది నమ్మదగ్గ మాటే. కుర్చీని తీసి రెండోపక్కకు బిగించారు. సీటు ఎత్తి వైర్లన్నీ తడిమి చూశారు. మంగళవారం ఆమె ఎంతో ఆశతో స్విచ్చు నొక్కింది. పట్టు మామూలుగానే జారిపోయింది. ఆ పూట కూడా పెట్టె ఆలస్యమే. పాపను అక్క దగ్గరకు తీసుకెళ్ళకపోతే చూసేవాళ్ళు లేరు. తీసుకెళితే పట్టు నిలవదు. ఫ్యాను, కుర్చీ, లేబుళ్ళ చుట్ట ఆమె కళ్ళముందు తిరిగాయి.

బుధవారం మరిదికి సెలవు. మోటారుసైకిలు మీద వచ్చాడు.

"నేను పక్కన కూర్చోను వదినా. వెనకాల వస్తా. మనం చూస్తున్నంతసేపూ బుద్ధిగా ఉండే లిఫ్టులు కొన్ని ఉంటాయి. వాటిని బయట నిలబడి కనిపెట్టాలి."

ఆమె నడుపుతోంది. అద్దంలో ముందు పాప, పాప వెనక దూరంగా మరిది హెల్మెట్టు. నొక్కడం, వదలడం, నొక్కడం, వదలడం. కుడికాలిలో సూదులు మొదలయ్యాయి. ఇంతలో మరిది పక్కనుంచి ముందుకొచ్చి, పెట్రోలు బంకు వైపు చెయ్యి చూపించాడు. బండి ఆపింది.

అతను హెల్మెట్టు తీసి కిటికీ దగ్గరకొచ్చాడు. "దారిలో ఏమన్నా అడ్డొచ్చిందా?"

"లేదే."

"మరి ఊరు దాటిన దగ్గర్నుంచీ బ్రేకు మీద ఎందుకున్నావు?"

"నేనెక్కడున్నాను?"

"వెనక ఎర్రదీపాలు ఆరితే కదా. నీ వెనక రావడం కాదు గాని, నా కళ్ళు మండిపోతున్నాయి."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. బ్రెడ్డు వ్యాను నాటి నుంచీ ఆమె నడపడానికి వంక పెట్టినవాడు లేడు. "బ్రేకు మీద కాలేసుకుని బండి నడిపేదాన్నా నేను? ఇంకా నయం, కళ్ళు మూసుకుని నడుపుతున్నావనలేదు."

మరిది వాదించలేదు. "ఇంజను ఆపకు. అలాగే కూర్చో," అని బండి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. "ఇప్పుడు ఆరిపోయి ఉన్నాయి. సరే, పాప ఏం చేస్తోందో చూడు."

ఆమె అద్దంలోకి చూసింది. పాప తల పక్కకు వాలి ఉంది. నిద్రపోయిందా, మెడ పట్టేస్తుందా, ఊపిరి సరిగ్గా ఆడుతోందా.

"వెలిగాయి," అన్నాడు మరిది వెనకనుంచి.

ఆమె కిందికి చూసింది. బ్రేకు మీద ఒక పాదం ఉంది. బరువంతా వేసి కాదు, నిద్రపోయే బిడ్డ మీద చెయ్యి వేసినంత తేలిగ్గా. బండి ఆగేంత కాదు, పట్టు వదిలేంత. ఎడమపాదం. పని లేని కాలు. తన కాలే, కాని తను పంపలేదు.

ఎప్పుడు వచ్చి చేరింది అక్కడికి? ఆసుపత్రి నుంచి పాపను ఇంటికి తెచ్చిన రోజు గుర్తొచ్చింది. భర్త వెనక సీట్లో పాపను రెండు చేతులతో కాచుకుని కూర్చుంటే, తను నడిచేవాళ్ళు దాటిపోయేంత నెమ్మదిగా నడిపింది. ఆ రోజు రెండు కాళ్ళూ కాపలా కాశాయి. ఇల్లు చేరాక కుడికాలు కాపలా దిగింది. ఎడమకాలికి ఎవరూ చెప్పలేదు. అప్పట్నుంచీ పాప వెనక ఉందంటే చాలు, అది లేచి నిలబడుతూనే ఉంది.

మరిది కిటికీ దగ్గరకు తిరిగి వచ్చాడు. వేళాకోళమాడతాడేమో అనుకుంది. ఆడలేదు.

"మా లిఫ్టు బ్రేకు కూడా ఇంతే వదినా. కరెంటు పోతే లిఫ్టు పడిపోతుందనుకుంటారు అందరూ. పడదు. బ్రేకు ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది, స్ప్రింగుతో. కరెంటు వచ్చినప్పుడే వదులుతుంది. దానికి పట్టుకోవడం కష్టం కాదు. వదిలిపెట్టడానికే కరెంటు కావాలి."

ఆమె వంగి ఎడమకాలి బూటు విప్పింది, మేజోడు కూడా లాగేసింది. రెండింటినీ పక్కసీటు కిందికి తోసింది.

"అదెందుకు?"

"బూటులో ఉంటే అదెక్కడుందో నాకు తెలీడం లేదు. నేల తగులుతూ ఉంటే తెలుస్తుంది."

రబ్బరు చాప గళ్ళు అరికాలికి చల్లగా, గరుగ్గా తగిలాయి. బండి రోడ్డెక్కించింది. వేగం అందుకుంది, నొక్కింది. పట్టుకుంది. అద్దంలో పాపను చూడబోయింది. అరికాలి కింద చల్లదనం మాయమైంది. వెంటనే పాదాన్ని వెతికి కింద పెట్టింది. ఈసారి అది బ్రేకు దాకా చేరలేదు. సూది కదల్లేదు.

అక్క ఇంటి దాకా ఎన్నిసార్లు లేచిందో, అన్నిసార్లు దింపింది. రెండుసార్లు ఆలస్యమై పట్టు జారిపోయింది. మళ్ళీ వేసింది. వెనక మరిది హారను కొట్టి రెండుసార్లూ వెక్కిరించాడు. అక్క గుమ్మంలోకి వచ్చి చెల్లెలి కాళ్ళ వంక చూసి, "ఒక కాలికే ఉక్కపోస్తోందా?" అంది.

తిరుగు దారి అసలు పరీక్ష. మరిది తన పనిమీద తను వెళ్ళిపోయాడు. పెట్టెలో గొట్టాలు, వెనక పాప, ముందు వంతెన దాకా తిన్నని రోడ్డు. సగం దారిలో పాప దగ్గింది. ఒక్క దగ్గే. ఎడమకాలు ఒంటికాలి మీద లేచింది. ఆమె దాన్ని నేలకు అదిమిపెట్టి, ముందు రోడ్డు చూసింది, తరవాత అద్దం చూసింది. పాప మళ్ళీ దగ్గలేదు. చేతిలోని గుడ్డబొమ్మ చెవి నములుతూ కిటికీలోంచి లారీని చూస్తోంది. దాని తీరిక దానికుంది. తన కాలు బ్రేకు మీద ఉన్నా లేకున్నా ఆ దగ్గు ఆగేది కాదు, వచ్చేదీ కాదు. ఈ సంగతి తనకు ఎప్పుడో తెలుసు. కాలికి మాత్రం ఇప్పుడిప్పుడే చెబుతోంది. రేపు మళ్ళీ చెప్పాల్సి వస్తుంది. ఎల్లుండి కూడా.

వంతెన దగ్గర ఆగలేదు. ఆగాల్సిన అవసరం రాలేదు.

ల్యాబు కౌంటరు ముందు ఆమె నిలబడేసరికి, ఒక చంకలో పాప, ఇంకో భుజాన పెట్టె. లోపల యంత్రం వాళ్ళు ఇంకా గొట్టాలు సర్దుకుంటున్నారు. పెద్దాయన గోడగడియారం చూశాడు, పెట్టె అందుకున్నాడు, తరవాత కిందికి చూశాడు.

"ఆ కాలి బూటేదమ్మా?"

"బండిలో ఉందండీ."

"మరిచిపోయావా?"

"లేదు. కావాలనే."

ఆయన ఇంకేదో అడగబోయి, కళ్ళజోడు మీద చెయ్యి వేసి, తియ్యకుండానే దించేశాడు. "రేపూ ఇదే వేళకొస్తావా?"

"వస్తాను."

"అయితే లేబుళ్ళకు ఇంకొకర్ని చూసుకుంటాం."

ఆమె బండి దగ్గరకు నడిచింది. కుడికాలిలో నొప్పి లేదు. ఎడమకాలు మాత్రం, పొద్దుటి నుంచీ ఏమీ చెయ్యకుండా ఉండటానికి పడ్డ శ్రమకు, కాస్త వణుకుతోంది.